పిన్నికి మెసేజి కొట్టవే

మా అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, సెల్లు బటన్ల మీద. అంతకుముందు ఆవిడకి వాటితో పనే పడలేదు. ఊరి ఎలిమెంటరీ బడిలో అయిదో తరగతి దాకా చదివింది. తెలుగు మీడియం బళ్ళలో అప్పట్లో ఇంగ్లీషు మొదలయ్యేది ఆరో తరగతిలో. ఆరు చదవాలంటే కాలవ గట్టు వెంట నడిచి పక్కూరి హైస్కూలుకి వెళ్ళాలి. తాతగారు వద్దన్నారు. అలా ఒక్క ఏడాది తేడాలో ఏబీసీడీలు అమ్మకి తప్పిపోయాయి. తెలుగు మాత్రం ఎంత చిన్న అచ్చయినా గడగడా చదివేస్తుంది. మా వీధిలో సగం మందికి ఉత్తరాలు రాసిపెట్టింది ఆవిడే.

మాది కోనసీమ. గోదావరి పాయ వైనతేయ గట్టుకి దగ్గర్లో, కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు. ఇటు అమలాపురం, రాజోలు వైపు గానీ, పంటు ఎక్కి దాటితే అటు నరసాపురం వైపు గానీ, గల్ఫ్ వెళ్ళినవాళ్ళు లేని వీధి కోసం వెతుక్కోవాలి. కువైట్, మస్కట్, దుబాయ్ అనే పేర్లు మా చిన్నప్పుడు కాకినాడ, రాజమండ్రి అన్నంత మామూలుగా వినపడేవి. మగవాళ్ళు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా వెళ్తే, ఆడవాళ్ళు ఇళ్ళల్లో వంటకీ పిల్లల్ని చూడ్డానికీ వెళ్ళేవారు. మా పిన్ని కూడా అలాగే కువైట్ వెళ్ళింది. బాబాయ్ పోయి ఏడాది తిరక్కుండానే వెళ్ళాల్సి వచ్చింది. అప్పులవాళ్ళు ఆగరు కదా. నాలుగేళ్ళ కొడుకుని అమ్మకి అప్పజెప్పి, వెనక్కి చూడకుండా జీపెక్కింది. వాడు మా ఇంట్లోనే పెరిగాడు. మా అందరికీ వాడు బుడ్డోడు.

ఉత్తరం అక్కడికి చేరడానికి రెండు వారాలు పట్టేది, జవాబు రావడానికి మళ్ళీ అంతే. ఎవరైనా సెలవు మీద వచ్చి తిరిగి వెళ్తున్నారని తెలిస్తే వాళ్ళ చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపేవాళ్ళం. ఒక పక్క అమ్మ మాటలు, రెండో పక్క బుడ్డోడి పద్యాలు. పిన్ని కూడా అలాగే క్యాసెట్టు నింపి పంపేది. అర్జెంటు అయితే పి.పి. నంబరు, అంటే ఇరుగుపొరుగువాళ్ళ ఫోను నంబరు ఉండేది. నాలుగిళ్ళ అవతల టెలిఫోనున్న వాళ్ళింటికి, శుక్రవారం కువైట్‌లో సెలవు కాబట్టి, ఆ రోజున పిన్ని ఫోను చేసేది. వాళ్ళ పిల్లాడు పరుగెత్తుకొచ్చి “కువైట్ ఫోనండీ!” అని కేకేస్తే, అమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, బుడ్డోణ్ణి చంకనేసుకుని పరుగు. అక్కడ వాళ్ళింట్లో అందరి ముందూ, గోడ గడియారం చూసుకుంటూ ఏం మాట్లాడతాం? “బాగున్నావా? బాగున్నాం. డబ్బులందాయి. ఒళ్ళు జాగ్రత్త.” అంతే. తిరిగొచ్చేటప్పుడు దారంతా అమ్మ “అయ్యో ఇది చెప్పలేదే, అది అడగలేదే” అనుకుంటూ వచ్చేది.

ఆ చెప్పలేకపోయినవన్నీ చిన్న చిన్నవి. బుడ్డోడికి ముందుపన్ను ఊడింది. పిన్ని నాటి వెళ్ళిన సపోటా మొదటిసారి కాసింది. వాడు కాకరకాయ కూర మారాం చెయ్యకుండా తిన్నాడు. వీటికోసం అంత డబ్బు పోసి ఎవరూ ఫోను చెయ్యరు. ఉత్తరంలో రాస్తే అది చేరేసరికి కొత్త పన్ను వచ్చేస్తుంది. పిల్లాడి పెంపకమంతా ఉండేది మాత్రం వీటిలోనే. తల్లికి దూరమయ్యేవి కూడా ఇవే.

మా ఇంటికి సెల్లు 2004లో వచ్చింది. మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి, జ్యోతిబసు సుఖ్‌రాంకి చేశారు. కానీ అది మాలాంటి ఇళ్ళదాకా రావాలంటే 2003 మే 1 రావాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మనకొచ్చే కాల్‌కి మన డబ్బు పోవడం ఆగింది. అంతకుముందు ఎవరైనా మనకి చేసినా మన బాలెన్సే తరిగేది, అందుకే ఉన్నవాళ్ళు కూడా మోగుతున్న ఫోను ఎత్తడానికి వెనకాడేవారు. ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక నాన్నకి ధైర్యం వచ్చింది. అమలాపురం గడియార స్తంభం దగ్గర ఒక కొట్లో నోకియా 1100 కొన్నారు. నాన్నది కొబ్బరి వ్యాపారం. చీకట్లో తోటల్లో తిరిగే మనిషి కాబట్టి దాని నెత్తిన ఉన్న టార్చి లైటే ముందు నచ్చింది ఆయనకి. చెమట చేతుల్లోంచి జారకుండా పక్కల గరుకుగా ఉండేది. దుమ్ము దూరకుండా బటన్ల మీద రబ్బరు తొడుగుండేది. మా తోటలకి, మా గాలికి తగ్గ ఫోను. దాన్ని చేసినవాళ్ళు మాలాంటివాళ్ళని మనసులో పెట్టుకునే చేశారని నేనిప్పటికీ నమ్ముతాను.

మాది పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు. టవరేమో మెయిన్ రోడ్డు పక్కన. ఇంట్లో సిగ్నలు నిలిచేది ఒకే ఒక్కచోట, పెరటివైపు కిటికీలో. ఆ కిటికీ అంచున సెల్లుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నిలబెట్టేవాళ్ళం. తీసి రెండడుగులు లోపలికి వేస్తే పాయింట్లు పడిపోయేవి. మాట్లాడాలంటే ఊచలకి తల ఆనించి మాట్లాడాలి, అదీ గట్టిగా అరుస్తూ. పెరట్లో పనివాళ్ళుంటే వాళ్ళకీ, అవతల దొడ్లోవాళ్ళకీ మా ఇంటి సంగతులన్నీ తెలిసేవి. కానీ మెసేజికి ఆ బాధ లేదు. ఒక్క పాయింటున్నా వెళ్ళిపోతుంది, ఒక్క పాయింటున్నా వచ్చి వాలుతుంది.

మొదటిసారి మెసేజి మోగినప్పుడు నాయనమ్మ అరుగు మీంచి లేచి నిలబడిపోయింది. “ఎవరికేమయిందిరా?” అంది నాన్నతో. ఆవిడకి తెలిసిన పొట్టి కబురు తంతి ఒక్కటే. మా ఊళ్ళో టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. పుట్టిన కబురు ఉత్తరంలో వచ్చేది, పోయిన కబురు తంతిలో వచ్చేది. ఆ మోగింది కంపెనీవాళ్ళ స్వాగతమని నాన్న చెప్పినా ఆవిడకి చాలాసేపు కుదురు రాలేదు. నోకియాలో మెసేజికి మోగే ఆ ‘స్పెషల్’ టోను నిజానికి టెలిగ్రాఫు భాషే అని తర్వాతెప్పుడో తెలిసింది నాకు. మూడు పొట్టి, రెండు పొడుగు, మళ్ళీ మూడు పొట్టి. మోర్స్ కోడులో అది ఎస్సెమ్మెస్ అనే మూడు అక్షరాలు. నాయనమ్మ చెవి ఏం పోల్చుకుందో గానీ, ఆవిడ భయానికి ఒక దారి ఉందనిపించింది.

పిన్ని కూడా కువైట్‌లో ఒక పాత సెల్లు కొనుక్కుని నంబరు పంపింది. ఆ ఇంటివాళ్ళు భోజనాలు చేసి, గిన్నెలన్నీ కడిగి తన గదిలోకి వెళ్ళాక గానీ ఫోను చేతిలోకి తీసుకునే వీలుండేది కాదు. మనం కువైట్‌కి రెండున్నర గంటలు ముందుంటాం. అక్కడ తొమ్మిదయితే ఇక్కడ పదకొండున్నర. ఆ వేళప్పుడు కిటికీ దగ్గర అరుస్తూ మాట్లాడితే ఇల్లంతా లేస్తుంది. అందుకని మెసేజీలే. మొదట్లో అమ్మ చెప్పేది, నేను కొట్టేదాన్ని. “పిన్నికి మెసేజి కొట్టవే” అనేది, వంటింట్లోంచే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ‘ళ’కీ ‘ల’కీ, ‘ట’కీ ‘త’కీ తేడా లేని తెలుగు. పిన్ని పదో తరగతి చదివింది కాబట్టి ఇట్టే చదివేసుకునేది.

2005లో నాకు కాకినాడలో సీటొచ్చింది, హాస్టల్. ఇంక రెండ్రోజుల్లో ప్రయాణమనగా అమ్మ నోటుబుక్కు పట్టుకుని నా పక్కన కూచుంది. “నువ్వెళ్ళిపోతే నాకెవరు కొడతారే? మీ నాన్నగారికి అంకెలు తప్ప ఓపిక లేదు. నేర్పెయ్” అంది. ఇంకొకటి కూడా ఉందని నాకు తెలుసు. చెల్లెలికి చెప్పుకోవాల్సినవి కొన్ని కూతురి చేత కొట్టించలేదు కదా ఏ ఆడదైనా.

నేను ఏ, బీ, సీ అని మొదలుపెట్టబోతే ఆగమంది. “పేర్లు నాకెందుకు? ఏ బటను ఎన్నిసార్లు నొక్కితే ఏ చప్పుడో అది చెప్పు” అంది. ఆ మాటతో పని సగం తేలికైపోయింది. నోటుబుక్కులో ఎడమవైపు మన అక్షరాలు రాసుకుంది, కుడివైపు అంకెలు. అ అంటే 2 ఒకసారి. బ అంటే 2 రెండుసార్లు. గ అంటే 4 ఒకసారి, ఇ అంటే అదే 4 మూడుసార్లు. క అంటే 5 రెండుసార్లు. మ 6, న 66, ఒ 666. స మాత్రం 7 నాలుగుసార్లు నొక్కాలి, అది విని “స తో మొదలయ్యే మాటలు తగ్గించుకోవాలి” అంది. చ అంటే 2 మూడుసార్లు నొక్కి, మళ్ళీ 4 రెండుసార్లు. ఖాళీ వదలాలంటే 0. ఒకే బటన్లో ఉన్న రెండు అక్షరాలు పక్కపక్కన పడాలంటే మొదటిది నొక్కి, గీత మళ్ళీ మినుకుమినుకుమనే దాకా ఆగాలి. ‘అమ్మ’ అని కొట్టాలంటే 2, 6, ఆగు, 6, 2. ఆ ‘ఆగు’ని ఆవిడ నోటుబుక్కులో చిన్న చుక్కతో గుర్తు పెట్టుకుంది. మొదటి పాఠం ఆ మాటే. బొటనవేలు నెమ్మదిగా కదులుతుంటే పెదాలు కూడా కదిలేవి. చుక్క దగ్గర ఊపిరి బిగబట్టేది.

డిక్షనరీ ఆన్‌లో ఉంటే మన మాటలకి అది తన ఇంగ్లీషు మాటలు పెట్టేసేది. # బటను గబగబా రెండుసార్లు నొక్కి దాన్ని తీసేయడం కూడా చెప్పాను. అదీ రాసుకుంది.

మూడోరోజుకి ఒక ప్రశ్న వేసింది. నాకు భాష మీద ఆసక్తి పుట్టింది ఆ ప్రశ్నతోనే అనుకుంటాను. “క అంటేనే అందులో అ ఉంది కదే. మళ్ళీ విడిగా అ ఎందుకు నొక్కాలి?” నిజమే. మన రాతలో ప్రతి హల్లూ తన అచ్చుని వెంటబెట్టుకునే ఉంటుంది. ఇంగ్లీషులో ఏ అక్షరానికా అక్షరం విడి. చిన్నప్పట్నుంచీ రెండూ చదివిన నాకు ఎప్పుడూ తట్టని సంగతి అది. చెప్పాను గానీ ఆవిడకి నచ్చలేదు. నేను కాకినాడ వెళ్ళిన కొత్తలో ఆవిడ పంపిన మెసేజీలన్నీ అచ్చులు లేకుండానే వచ్చేవి. ‘జ్వరం తగ్గింది’ అన్నది ‘జ్వ్ర్మ్ త్గ్గ్న్ద్’ అని వచ్చింది. నేను నాలుగైదుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. కువైట్‌లో పిన్నికి మాత్రం మొదటి చూపులోనే అర్థమైందట. ‘అమ్మయ్య. మిరియాల చారు పెట్టు’ అని జవాబొచ్చింది అమ్మకి. తర్వాత్తర్వాత అచ్చులు వాటంతటవే వచ్చి చేరాయి, పిన్ని మెసేజీలు చదివీ చదివీ.

కువైట్‌కి ఒక మెసేజి అంటే అయిదు రూపాయలు పోయేది. ఇక్కడిక్కడయితే రూపాయి. అందుకని అమ్మ ముందు తెలుగులో కాగితం మీద రాసుకుని, అక్కర్లేని మాటలు కొట్టేసి, అప్పుడు కిటికీ దగ్గరికి వెళ్ళేది. తెర పైన 160 అని అంకె ఉండేది, ఒక్కో అక్షరం కొట్టేకొద్దీ తగ్గుతూ వచ్చేది. ఆ 160 వెనక కథ నాకు చాలా ఇష్టం. ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు 1985లో బాన్‌లోని తన ఇంట్లో టైపుమిషను ముందు కూచుని, మనుషులు మామూలుగా అనుకునే మాటలు, అడిగే ప్రశ్నలు వరసగా కొట్టి అక్షరాలు లెక్కపెట్టాడు. ఇంచుమించు అన్నీ 160లోపే ఇమిడాయి. పోస్టుకార్డుల మీద జనం రాసేది కూడా చాలావరకు 150 అక్షరాలు దాటదని చూశాడు. ఆ తర్వాత మెసేజికి దొరికిన చోటు 140 బైట్లు. ఒక్కో అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి అందులో సరిగ్గా 160 పడతాయి. మొదటి మెసేజి మాత్రం 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే కుర్రాడు కంప్యూటరు మీంచి పంపిన క్రిస్మస్ శుభాకాంక్షలు. వీధిలో అందరికీ కార్డు ముక్కలు రాసిపెట్టిన మా అమ్మకి ఆ కొలత కొత్తేమీ కాదు. పెళ్ళి కబురూ, పంట కబురూ, అల్లుడి మీద ఫిర్యాదూ ఒక్క కార్డులో ఇమిడ్చిన చెయ్యి అది.

ఆవిడ మెసేజీలు ఎలా ఉండేవంటే: ‘బుడ్డోడు సైకిలు తొక్కాడు. మోకాలు కొట్టుకుపోయింది. ఏడవలేదు.’ ‘నీ సపోటా గంపెడు కాసింది. పక్కింటికీ పెట్టాం.’ ‘లెక్కల్లో తొంభై. తెలుగులో అరవై. తెలుగు నేను చూస్తా.’ ‘నిద్రలో నిన్ను పిలిచాడు. పొద్దున్న అడిగితే గుర్తులేదన్నాడు.’ ఆఖరిది పంపాలా వద్దా అని నాకు ఫోను చేసి మరీ అడిగింది. పంపమన్నాను. ఆ రాత్రి పిన్ని నుంచి జవాబు రాలేదు. మర్నాడు వచ్చింది: ‘ఇలాంటివి కూడా చెప్పు అక్కా. అన్నీ చెప్పు.’

అప్పట్నుంచి అన్నీ చెప్పింది.

కొన్నాళ్ళకి తెర మీద కవరు గుర్తు ఆగకుండా మిణకడం మొదలుపెట్టింది. మెమరీ నిండిపోయింది, పాతవి తీసేస్తే గానీ కొత్తవి రావు. పిన్ని మెసేజీలు తీసెయ్యడానికి అమ్మకి చెయ్యాడలేదు. బటన్ల లెక్క రాసుకున్న ఆ నోటుబుక్కునే వెనక నుంచి తిప్పి, ఒక్కొక్క మెసేజీ చదువుతూ తెలుగు అక్షరాల్లో రాసుకుంది. తారీఖు వేసి, కింద ‘చెల్లి’ అని రాసి, అప్పుడు గానీ ఫోన్లోంచి తీసేది కాదు. కవరు మిణికిన ప్రతిసారీ ఆ పని. మధ్యాహ్నం అన్నాలయ్యాక, నాయనమ్మ కునుకు తీస్తుంటే, కిటికీ పక్కన గచ్చు మీద కూచుని రాసేది. సెలవులకి వచ్చినప్పుడు నేను చెబుతుంటే రాసుకుంటానంటే ఒప్పుకునేది కాదు. “నువ్వు గబగబా చదివేస్తావు” అనేది.

నాన్నకి మెసేజి అంటే వేరే సంగతి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు నుంచి దళారీ పొద్దున్నే అంకెలు పంపేవాడు. వెయ్యి కాయకి ఎంత, కురిడీకి, అంటే లోపలే ఎండిన గుండుకాయకి ఎంత, ఎండుకొబ్బరికి ఎంత. మాటలుండవు. మొదటి అంకె కాయ, రెండోది కురిడీ, అలా వరసే అర్థం. ఆ అంకెలు చూసుకుని కాయల దింపు ఇవాళ పెట్టాలో ఆపాలో చెప్పేవారు నాన్న. అంతకుముందు ఆ ధర తెలియాలంటే సైకిలు మీద వెళ్ళి రావాలి.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళినప్పుడు సెల్లు వెంట తెచ్చుకుంది అమ్మ. పదకొండు ఊళ్ళ రుద్రులు ఒకచోట చేరే తీర్థం, ఇసకేస్తే రాలనంత జనం. కాల్ అసలు కలవదు. వెదురుతో కట్టి అలంకరించిన గంగలకుర్రు ప్రభని మనుషులు భుజాల మీద మోసుకుంటూ పీకల్లోతు నీళ్ళల్లో కౌశిక కాలవ దాటిస్తుంటే, ఆ డప్పుల మధ్య, ఆ తోపులాటలో, అమ్మ నిలబడి బటన్లు నొక్కింది. ‘ప్రభ కౌశిక దాటింది. బుడ్డోడు బావగారి భుజం మీదున్నాడు. నీకూ దణ్ణం పెట్టాను.’ కువైట్‌కి ప్రతి మెసేజికీ అయిదు రూపాయలు కట్టాల్సిందే. ఆ రోజు అది చూసుకోలేదు ఆవిడ. పంపింది మధ్యాహ్నమైతే వెళ్ళింది సాయంత్రం, ఇంటికొచ్చాక, కిటికీలో పెట్టాక. పిన్ని చిన్నప్పుడు తాతగారి భుజమెక్కి చూసిన ప్రభలే అవి.

2006 ఆగస్టు వరద సంగతి చెప్పాలి. మా వైపు పెద్దవాళ్ళు ఏ వరదనైనా 1986తో పోల్చి చెబుతారు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద అది. 2006లో 28 లక్షలు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 17 లక్షల 75 వేల దగ్గర ఎగరేస్తారు, అంటే గట్లు ఎంత నీటిని మోస్తున్నాయో చూడండి. నేను కాకినాడ హాస్టల్లో ఉన్నాను. టీవీలో లంక ఊళ్ళు చూపిస్తున్నారు, కొబ్బరిచెట్ల మధ్య పడవలు తిరుగుతున్నాయి. ఇంటికి కాల్ చేస్తే కలవదు. కరెంటు పోయిందని తెలుసు. ఎంతసేపు కూచున్నానో ఆ మెట్ల మీద, ఫోను రెండు చేతుల్లో పట్టుకుని.

చీకటి పడ్డాక వచ్చింది అమ్మ దగ్గర్నుంచి. ‘గట్టు గట్టిగా ఉంది. నాన్నగారు ఇసక బస్తాలకి వెళ్ళారు. మేం బళ్ళో ఉన్నాం. బుడ్డోడు నిద్రపోయాడు. అన్నం పెట్టారు. నువ్వు రాకు.’

అచ్చులన్నీ ఉన్నాయి అందులో. ఒక్కటీ తప్పిపోలేదు. ఆ బడి మేడమీద, చీకట్లో, టార్చి వెలుతుర్లో, నోటుబుక్కు చూడకుండా కొట్టింది ఆవిడ.

కాల్ కలవనప్పుడు మెసేజి ఎలా వచ్చిందో తర్వాత ఇంజనీరింగ్ చదివిన స్నేహితురాలు చెప్పింది నాకు. మాట్లాడాలంటే ప్రతి ఇద్దరికీ టవరు ఒక దారి విడిగా ఇవ్వాలి, అందరూ ఒక్కసారే చేస్తే దారులు చాలవు. మెసేజి వెళ్ళేది ఆ దారిలో కాదు. ఫోనూ టవరూ ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉండే సన్నదారి ఒకటుంటుంది, దాంట్లో పోతుంది. వెళ్ళకపోతే పోదు కూడా, సెంటర్లో దాచి ఉంచి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తారు. ఛార్జింగ్ పెట్టే వీల్లేక అమ్మ ఫోను ఆపేసి ఉంచి, అప్పుడప్పుడు ఆన్ చేసేది. చేసిన ప్రతిసారీ ఆ సెంటర్లో ఆగి ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడేవట. అన్నీ పిన్నివే. ‘అక్కా.’ ‘అక్కా టీవీలో చూపిస్తున్నారు.’ ‘బుడ్డోడెక్కడ.’ ‘అక్కా ఒక్క మాట పంపు.’ కువైట్‌లో ఆ ఇంటివాళ్ళు నిద్రపోయాక రాత్రంతా పంపినవి. అమ్మ పక్కనున్నవాళ్ళ ఊళ్ళ కబుర్లు కూడా తన ఫోన్లోంచే పంపింది ఆ రోజుల్లో, బాలెన్సు అయిపోయేదాకా. బళ్ళో తలదాచుకున్నవాళ్ళల్లో గల్ఫ్‌లో బిడ్డలున్న తల్లులు చాలామంది. వాళ్ళు నంబరు చీటీ తీసి ఇస్తే, అమ్మ కొట్టి పంపేది. కార్డు ముక్కలు రాసిపెట్టినట్టే. పేరు, ‘బాగున్నారు’ అన్న మాట, అంతే.

గట్టు నిలిచింది మా దగ్గర. తెగినచోట్ల ఊళ్ళ కష్టం మా కళ్ళారా చూశాం. తాటాకిళ్ళు నానిపోయి, ధాన్యం మొలకలెత్తి. నెలల తరబడి.

ఆ తర్వాత ఏళ్ళు తొందరగా గడిచాయి. 2005 చివర్లో వచ్చిన 999 రూపాయల లైఫ్‌టైమ్ కార్డులతో వ్యాలిడిటీ భయం పోయింది. మెసేజి ప్యాకులొచ్చి, కాలేజీ పిల్లలు రాత్రింబవళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకి వందకి మించి పంపకూడదని హద్దు పెట్టి, వెంటనే దాన్ని రెండొందలు చేసింది. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం మూతపడింది. నాయనమ్మ అప్పటికి లేదు. జియో వచ్చాక అమ్మ చేతికి కూడా టచ్ ఫోను వచ్చింది, తెలుగు అక్షరాలతో. మెసేజిలో తెలుగు కొడితే 160 కాదు, 70 అక్షరాలే పడతాయి, మన అక్షరాలకి ఒక్కోదానికి 16 బిట్లు కావాలి కాబట్టి. వాట్సాప్‌లో ఆ లెక్కే లేదు. అమ్మ ఇప్పుడు మాట్లాడి పంపుతుంది, నాలుగేసి నిమిషాలు. వింటాను, సంతోషమే. కానీ ఆ మూడు ముక్కల్లో ‘ఏడవలేదు’ అని ముగించే ఒడుపు వాటిల్లో లేదు. ఎంత మాట్లాడినా ఖర్చు లేనప్పుడు ఏది ముందు చెప్పాలో ఎంచుకునే పని మనకి తప్పిపోయింది. అది నాకు నష్టంగానే తోస్తుంది.

బుడ్డోడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు తీయించి, పిన్ని పక్కన కూచుని మొదట్నుంచీ చదివాడు. వాడి చిన్నతనమంతా జవాబుల్లో ఉంది. అమ్మ పంపినవి రాసుకోలేదు కాబట్టి ఒక పక్క మాటలే ఉన్నాయి. ‘ఏడవలేదా? నిజంగానా?’ ‘ఆ చొక్కా పొట్టయితే చెప్పు, పెద్దది పంపుతా.’ ‘తెలుగులో అరవై ఏమిటి అక్కా, నీ దగ్గరుండి.’ ఒక్కోటీ చదివి, దీనికి ముందు పెద్దమ్మ ఏమని పంపి ఉంటుందో వాడు అడగడం, పిన్ని చెప్పడం. ఆవిడకి అన్నీ గుర్తున్నాయి, మాట కూడా తప్పకుండా.

ఆఖరి పేజీలో 2010 నాటి మెసేజి ఉంది. అప్పులు తీరాయి, ఇంటి స్థలం కొన్నారు, ఇంక చాలని పిన్ని అనుకున్న ఏడాది. ‘టికెట్ అయింది అక్కా. వచ్చే శుక్రవారం దిగుతా. మళ్ళీ వెళ్ళను. బుడ్డోడికి చెప్పకు, నేనే వచ్చి చెబుతా.’

“నువ్వు నాకు ఆ రాత్రే లేపి చెప్పేశావు పెద్దమ్మా” అన్నాడు వాడు.

“చెప్పకుండా ఎలా ఉంటాన్రా” అంది అమ్మ.